గోడకు మేక కొట్టిన కుర్రవాడు

పల్లెలో ఏ బడికైనా వెళ్లి, ఐదో తరగతి పిల్లవాణ్ణి పిలిచి ఆవును గురించి వ్రాయమనండి. ఆవు సాధు జంతువు, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు ఉండును, అది పాలు ఇచ్చును అని వ్రాసి పుస్తకం మన చేతికిస్తాడు. వాళ్ల నాన్న వ్రాసిందీ అదే, తాత వ్రాసిందీ అదే. ఆ పిల్లవాణ్ణే సాయంత్రం కాలువగట్టున స్నేహితుల మధ్య చూడండి. ఆ ఆవు తాడు తెంపుకొని ఎవరి పెరట్లోనో దూరి, ఆరవేసిన చీర సగం నమిలి, తరమబోయిన తనను పేడకుప్పలో పడవేసిన వైనాన్ని చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ అరగంట చెబుతాడు. విన్నవాళ్లు కడుపు పట్టుకొని నవ్వుతారు. మరి ఆ ఆవు పుస్తకంలోకి ఎందుకు రాలేదు?

వ్రాత అనేది తనది కాదనీ, అది గైడులోనో నల్లబల్ల మీదనో ఉంటుందనీ, దానిని తప్పు లేకుండా దించడమే తన పని అనీ వాడు చాలా చిన్నప్పుడే నేర్చుకుంటాడు గనుక. 2010 తర్వాత వచ్చిన తెలుగు వాచకాలలో పాఠం చివర 'సృజనాత్మకత' అనే శీర్షిక పెట్టి, కథ వ్రాయండి, లేఖ వ్రాయండి అని అడుగుతున్నారు. మంచిదే. అయితే ఆ సృజనాత్మకతకు కూడా గైడులలో జవాబులు అచ్చువేసి అమ్ముతున్నారు! పిల్లలు వాటినీ బట్టీపట్టి వస్తున్నారు. ఇది మార్కుల సంగతి మాత్రమే అయితే మేము ఇంత వ్రాయవలసిన పని లేదు. పదో తరగతి పాసైన యువకుడు, పింఛను ఆగిపోయిన తల్లి కోసం మండలాఫీసుకు నాలుగు వాక్యాల అర్జీ వ్రాయలేక ఇంకొకరి గడప ఎక్కడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాము. అతనికి జరిగింది చెప్పడం వచ్చు. జరిగింది వ్రాయడం రాదు.

మేము కొందరు ఉపాధ్యాయులం, యౌవనస్థులం కలిసి వేసవి సెలవుల్లో సాయంత్రాలు పల్లె పిల్లలను కూర్చోబెట్టి కథలు వ్రాయిస్తున్నాము. నీతికథలు కావు. నవ్వుల కథలు, అందులోనూ గడబిడ కథలు. ఒకటి సర్దబోతే ఇంకొకటి కూలి, ఇల్లంతా, ఆపైన ఊరంతా కకావికలయ్యే కథలు. మంచి మాటలు నేర్పక ఈ కోతి వేషాలేమిటి అని అడిగిన పెద్దలున్నారు. పరీక్ష హాలులో కూర్చున్నట్టు బిగుసుకుపోయిన బిడ్డచేత మంచి మాటలు వ్రాయిస్తే అవి మళ్లీ గైడు మాటలే అవుతున్నాయి. ముందు ఆ బిగువు వదలాలి. దానికి నవ్వును మించిన మందు మాకు కనబడలేదు.

చేప ఎందుకు ఎండలేదు?

గడబిడ కథ వ్రాయమనగానే పిల్లలందరూ ఒకే విధంగా వ్రాస్తారు. "ఏనుగు వచ్చింది. తర్వాత బాంబు పేలింది. తర్వాత రోబో వచ్చింది. తర్వాత అందరూ చచ్చిపోయారు." ఇంత గోల జరిగినా చదివేవాడి పెదవి కదలదు. వ్రాసినవాడికే అనుమానం వస్తుంది, ఇందులో నవ్వు ఏదీ అని.

అప్పుడు మేము ఏడు చేపల కథ అడుగుతాము. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టిన కథ రాని తెలుగు బిడ్డ లేడు. ఒక చేప ఎండలేదు. దానికి గడ్డిమేటు అడ్డం. గడ్డిని ఆవు మేయలేదు. ఆవును మేపేవాడు మేపలేదు. వాడికి అవ్వ అన్నం పెట్టలేదు. అవ్వ ఊరుకోబెట్టే పసివాడు ఏడుపు మానలేదు. పసివాణ్ణి చీమ కుట్టింది. ఇంతకూ చీమ చేసిన తప్పేమీ లేదు, తన పుట్టలో వేలు పెడితే అది కుట్టింది.

ఈ కథను మనం చేప దగ్గర మొదలుపెట్టి చీమ దగ్గరికి వెళతాము. పిల్లలను చీమ దగ్గర మొదలుపెట్టి చేప దగ్గరికి రమ్మంటాము. ఒక చీమ కుట్టింది. అందుకని పసివాడు ఏడ్చాడు. అందుకని అవ్వకు పొయ్యి దగ్గరికి వెళ్లడం కుదరలేదు. అందుకని పశువులవాడు ఆకలితో ఇంట్లో పడుకున్నాడు... అలా పోయి పోయి చివరకు రాజుగారి ఇంట్లో ఒక చేప పచ్చిగా ఉండిపోయింది. చీమంత కారణం, రాజుగారంత ఫలితం. పిల్లలకు గడబిడ కథ కీలు ఎక్కడుందో అప్పుడు కనబడుతుంది. నల్లబల్ల మీద 'తర్వాత' అని వ్రాసి కొట్టివేస్తాము. దాని స్థానంలో 'అందుకని' అని వ్రాస్తాము. ఆ సాయంత్రం ఎవరి కథలోనూ 'తర్వాత' అన్న మాట ఉండకూడదు.

ఇంకొక్క షరతు కూడా పెడతాము. కథలో ఎవరూ కావాలని చెడగొట్టకూడదు. ప్రతివాడూ బాగుచేయాలనే దిగాలి. నిజ జీవితంలో గోల ఎక్కువగా పుట్టేది అలాగే కదా!

పిల్లలంతా కలిసి ఒకరొక వాక్యం అందించి కట్టిన కథ ఒకటి చెబుతాము. పెళ్లివారి కూరకోసం కట్టివేసిన పుంజు తాడు తప్పించుకొని పందిరి ఎక్కింది. అందుకని దానిని దించడానికి ఒక కుర్రవాడు పందిరి రాటను పట్టుకొని ఎక్కాడు. అందుకని రాట ఊగి మైకు తీగ కదిలి, అప్పటిదాకా పలకని మైకు పలికింది. ఆ మైకు పక్కనే కూర్చొని పెళ్లికూతురి అమ్మమ్మ, మగపెళ్లివారు పెట్టిన చీర ఎంత నాసిగా ఉందో చెల్లెలి చెవిలో చెబుతున్నది. అది ఊరంతా వినబడింది. అందుకని పెళ్లికూతురి మేనమామ పరువు కాపాడాలని బ్యాండువాళ్లను ఒక్కసారిగా వాయించమన్నాడు. అందుకని పెళ్లికొడుకు దిగుతున్న బండి ఎద్దులు బెదిరి వెనక్కి తిరిగి తమ ఊరికి పరుగెత్తాయి. పెళ్లికొడుకు బండిలోనే ఉన్నాడు. చీర మాట విని కోపంతో వెళ్లిపోయాడనుకొని అమ్మమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బండి వెంట పరుగెత్తింది. అందరూ ఆమె వెంట పరుగెత్తారు. ఖాళీ అయిన పందిట్లోకి పుంజు తీరికగా దిగివచ్చి, పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుంది.

ఆ చివరి వాక్యం అందించింది నాలుగో తరగతి పాప. మొదట వదిలిన పుంజును ఎవరూ మరచిపోకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇటలీ పంతులు, మన విభక్తులు

ఏం వ్రాయాలో తోచడం లేదండీ అనే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వారి కోసం మేము ఒక ఉపాయాన్ని ఇటలీ నుండి తెచ్చుకున్నాము. జాన్ని రోదారి అనే రచయిత 1920లో ఒక రొట్టెలు కాల్చేవాని ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. యువకుడుగా బడిపంతులు పని చేశాడు, తర్వాత పత్రికలలో పనిచేస్తూ పిల్లల కోసం వ్రాశాడు. 1970లో బాలసాహిత్యానికి ఇచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ బహుమానం ఆయనకు వచ్చింది. 1972 మార్చిలో రెజ్జో ఎమీలియా అనే పట్టణంలో ఉపాధ్యాయులతో కూర్చొని, పిల్లలచేత కథలు అల్లించే పద్ధతులను వివరించాడు. ఆ మాటలే 1973లో పుస్తకమయ్యాయి. దాని పేరుకు 'ఊహ యొక్క వ్యాకరణము' అని అర్థం.

ఆయన ఉపాయం ఇది. ఒక బిడ్డ నల్లబల్ల ఇటువైపు ఒక మాట వ్రాయాలి. ఇంకొక బిడ్డ, ఆ మాట చూడకుండా, బల్ల వెనుకవైపు ఇంకొక మాట వ్రాయాలి. తర్వాత బల్ల తిప్పి రెండూ కలిపి చూడాలి. ఒకవైపు కుక్క, రెండోవైపు బీరువా వచ్చాయనుకోండి. కుక్క ఒక్కటే ఉంటే అది సాధు జంతువో విశ్వాసం గల జంతువో అయి ఊరుకుంటుంది. పక్కన బీరువా వచ్చేసరికి ఏదో జరగక తప్పదు. రెండు మాటల మధ్య దూరం ఉండాలంటాడాయన. ఆవు, గేదె అని ఇస్తే కథ పుట్టదు, అవి రెండూ ఒకే కొట్టంలో ప్రశాంతంగా నెమరువేస్తాయి.

ఇక ఆ రెండింటినీ ఎలా కలపాలి? ఇటలీ వారు 'తో', 'యొక్క', 'మీద', 'లో' అనే అర్థం వచ్చే చిన్న మాటలు మధ్యలో పెట్టి చూస్తారు. బీరువాతో కుక్క, కుక్క యొక్క బీరువా, బీరువా మీద కుక్క, బీరువాలో కుక్క. ఇది చదివినప్పుడు మాకు చాలా సంతోషం కలిగింది. మన పిల్లలు అర్థం తెలియకుండా ఏకరువు పెట్టే విభక్తి ప్రత్యయాలు ఇవే కదా! చేత, తోడ, కొరకు, వలన, కంటె, యొక్క, అందు. తెలుగు పంతులుగారి బెత్తానికి భయపడి నేర్చినవాటికి ఇన్నాళ్లకు ఒక ఉద్యోగం దొరికింది.

ఒకసారి బల్ల మీద రోలు, గొడుగు వచ్చాయి. పిల్లలు ప్రత్యయాలు ఒక్కొక్కటే తగిలించి చూశారు. రోట్లో గొడుగు. గొడుగు వలన రోలు. రోటి కంటె గొడుగు. ఒక అమ్మాయి 'రోటి కొరకు గొడుగు' దగ్గర ఆగింది. ఆమె కథలో నాయనమ్మ ఆవకాయ కారం దంచుతుండగా వాన వచ్చింది. కారం తడుస్తుందని ఇంట్లో ఉన్న ఒక్క గొడుగును రోటికి పట్టి తాను వానలో నిలబడింది. అందుకని తాతయ్యకు గొడుగు లేక తాటాకు కప్పుకొని వెళ్లాడు. అందుకని ఊరి కుక్కలు ఆయనను పోల్చుకోలేక తరిమాయి. అక్కడి నుండి కథ మూడు వీధులు తిరిగింది. వ్రాయడం ముగించాక ఆ అమ్మాయి, "సార్, రోలుకి అని వ్రాయకుండా రోటికి అని ఎందుకు వ్రాస్తాం?" అని అడిగింది. వ్యాకరణం తనంతట తాను ప్రశ్న అయి రావడం మేము చూసినది అప్పుడే.

కొమ్ము పోయిన మేక

తప్పుల సంగతి చెప్పాలి. ఒక కుర్రవాడు 'గోడకు మేకు కొట్టి చొక్కా తగిలించాను' అని వ్రాయబోయి, కొమ్ము మరచి, 'గోడకు మేక కొట్టి చొక్కా తగిలించాను' అని వ్రాశాడు. చిత్రమేమిటంటే, కొమ్ము పోయాకనే కొమ్ములున్న జంతువు వచ్చింది. పక్కవాడు చూసి పైకి చదివాడు. అందరూ గొల్లుమన్నారు. వ్రాసినవాడు ఆ మాట మీద చెయ్యి అడ్డం పెట్టుకొని తల వంచుకున్నాడు. బడిలో అయితే అక్కడ ఒక ఎర్ర సున్నా పడేది, వాడు ఆ సంవత్సరానికి అంతకు మించి వ్రాసేవాడు కాడు.

మాలో ఒకరు వాడి పక్కన కూర్చొని, "బాబూ, మేక గోడకు ఉంది కదా, మరి చొక్కా ఏమైంది?" అని మెల్లగా అడిగారు. వాడు కొంచెంసేపు ఆలోచించి, "గుండీలు తప్ప తినేసిందండి" అన్నాడు. "మరి నువ్వు బడికి ఎలా వెళ్లావు?" అంటే, "గుండీలు పెట్టుకొని వెళ్లానండి" అన్నాడు. ఈసారి అందరితోపాటు వాడూ నవ్వాడు. రెండు పేజీలు వ్రాశాడు. కథ పూర్తయ్యాక మేకుకు కొమ్ము ఎక్కడ ఇవ్వాలో చూపించాము. దిద్దుకున్నాడు. ఇప్పుడు వాడి కథలో మేకూ ఉంది, మేకా ఉంది, రెండూ వాడి ఇష్టప్రకారమే ఉన్నాయి.

రోదారి కూడా తన పుస్తకంలో తప్పులోంచి కథ తీయవచ్చునని చెబుతాడు. అలా అని తప్పులను వదిలేయమని కాదు. తెలుగులో ఒక అక్షరం తేడాతో ఇల్లు మునిగిపోగలదు. 'మా తాతకు కళ్లు కనబడవు' అనడానికి బదులు 'మా తాతకు కల్లు కనబడవు' అని వ్రాసిన బిడ్డ ఉన్నది. పాపం ఆ తాతగారు జీవితంలో కల్లు ముట్టని మనిషి! మా పద్ధతి ఏమిటంటే, మొదటి ప్రతి మీద ఎవరి కలమూ పడదు. పిల్లవాడు దానిని పైకి చదవాలి. చదువుతుంటే సగం తప్పులు వాడికే తగులుతాయి. మిగిలినవి రెండో ప్రతి వ్రాసేటప్పుడు పక్కన కూర్చొని చెబుతాము, అదీ పెన్సిలుతోనే.

మాట కూడా వాళ్ల ఇంటి మాటే ఉండనిస్తాము. కథ నడిపే వాక్యాలు పుస్తకాల తెలుగులో ఉంటే ఉండవచ్చు గాని, అవ్వ తిట్టేటప్పుడు శ్రీకాకుళం అవ్వ శ్రీకాకుళం మాటలోనే తిట్టాలి, పాలమూరు అవ్వ పాలమూరు మాటలోనే తిట్టాలి. ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు 1950లలో తెలుగు ఇళ్లలోకి వచ్చాడు. వాడు పెద్దల భాషలో మాట్లాడి ఉంటే ఇప్పటికి ఎవరికి గుర్తుండేవాడు? నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు చిత్తూరు జిల్లా పల్లె మాటలోనే కథలు వ్రాసి పేరు తెచ్చుకున్నారు. మీ అమ్మ మాట్లాడే మాటను కూడా కాగితం మీద పెట్టవచ్చునని చెప్పినప్పుడు కొందరు పిల్లలు మమ్మల్ని నమ్మరు. ఒకటికి రెండుసార్లు అడుగుతారు.

ఎవరిని చూసి నవ్వాలి?

ఈ పనిలో అన్నిటికంటె కష్టమైనది ఇది. నవ్వించమంటే పిల్లలకు మొదట తోచేది చెవిటివాడు, నత్తివాడు, కుంటివాడు, నల్లగా ఉన్న అమ్మాయి. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. సినిమాలలో చూస్తున్నారు. క్రిస్మసు కార్యక్రమాలలో మన యౌవనస్థులు వేసే హాస్య నాటికలలో కూడా చూస్తున్నారు. నత్తి మాటకు సంఘమంతా నవ్వుతుంటే, నత్తి ఉన్న బిడ్డ ఆ చాప మీదనే కూర్చొని ఉండవచ్చు.

ఒక సాయంత్రం ఒక పిల్లవాడు తాగుబోతు కథ చదివాడు. బాగా వ్రాశాడు, ఆ మాట చెప్పాలి. తాగినవాడు తన ఇల్లు అనుకొని పాకలో దూరి గేదెను భార్య పేరు పెట్టి పిలవడం, అన్నం పెట్టలేదని దానితో తగవు వేసుకోవడం. అందరూ నవ్వారు. వెనుక వరుసలో ఒక అమ్మాయి మాత్రం పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది. ఊరు చిన్నది. ఆ కథ ఎవరి ఇంటిదో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ పిల్లవాణ్ణి అందరి ముందు మేము ఏమీ అనలేదు. తర్వాత వేరుగా పిలిచి, ఈ కథను ఆ మనిషి బిడ్డల ఎదుట చదవగలవా అని అడిగాము. చదివేశాను కదా అనబోయి ఆగిపోయాడు. మరునాడు కథను మార్చి తెచ్చాడు. ఇప్పుడు చీకట్లో పాకలో దూరినవాడు తానే. దయ్యానికి భయపడి కళ్లు మూసుకొని పరుగెత్తి, గేదెను పట్టుకొని, అమ్మా తలుపు తియ్యి అని ఏడ్చాడు. మొదటిదానికంటె ఇదే ఎక్కువ నవ్వించింది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టరు పార్వతీశం, 1924లో మొదటి భాగం వచ్చింది, ఇంతకాలం నిలిచిన రహస్యం ఇదేనని మా అభిప్రాయం. మొగల్తూరు నుండి సీమకు బయలుదేరిన ఆ అబ్బాయి తన తెలివితక్కువ పనులన్నీ తానే చెప్పుకుంటాడు. ఎవరినీ నొప్పించడు.

ఆ అమ్మాయి నాలుగు రోజులు ఏమీ వ్రాయలేదు. ఐదో రోజు ఒక పేజీ ఇచ్చింది. అందులో ఒక ఇంటి తలుపు ఉన్నది. రాత్రిపూట ఎవరు తట్టినా అది ఎక్కం అప్పజెప్పమంటుంది. అమ్మకు రెండో ఎక్కం, పిల్లలకు ఐదో ఎక్కం. నాన్నకు మాత్రం పదమూడో ఎక్కం. తాగి వచ్చిన రోజున నాన్నకు పదమూడు నాలుగుల దగ్గర నాలుక తిరగదు, తలుపు తెరుచుకోదు, అరుగు మీదనే పడుకుంటాడు. అందుకని ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోతారు. అందుకని నాన్న పగలు పొలంలో కూడా పదమూడో ఎక్కం వల్లెవేస్తూ దున్నుతాడు. అందుకని ఎద్దులకు ఎక్కం వచ్చేసింది, నాన్నకు రాలేదు. చివరకు ఎద్దులే వచ్చి ఆయన తరపున తలుపుకు అప్పజెబుతాయి.

అది చదివి మేము నవ్వాము, కొంతసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పైకి చదువుతావా అని అడిగితే ఆమె వద్దన్నది. పుస్తకం ఆమెకే ఇచ్చివేశాము. మంచి కథలను గోడకు అంటించే అలవాటు మాకున్నది గాని, దానిని అంటించలేదు.

కథ చివర నీతి ఏదని పెద్దలు కొందరు అడుగుతూ ఉంటారు. నీతి వ్రాసి తీరాలని చెప్పిన రోజున పిల్లలు కథను ముందే పాడుచేసుకుంటారు. పుంజు కుర్చీ ఎక్కకముందే 'కావున మనము తొందరపడరాదు' అని సిద్ధం చేసి పెట్టుకుంటారు. అందుకని మేము అడగము.

ఇంట్లో చేయదలచిన తల్లిదండ్రులకు పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. పాత క్యాలెండరు కాగితాల వెనుకవైపు చాలు. అక్షరాలు ఇంకా కుదురుకోని చిన్నబిడ్డ చెబుతుంటే అక్కో అన్నో వ్రాయవచ్చు; వాడు చెప్పిన మాటను మాత్రం సవరించకూడదు. కథ ఒక పేజీ దాటనవసరం లేదు. వ్రాసినది ఆ రాత్రి అన్నాల దగ్గర చదివించండి. చదువు రాని తల్లి అయినా వినగలదు, ఎక్కడ నవ్వు రాలేదో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఈ నెల ప్రయత్నించడానికి మూడు జంటలు ఇస్తున్నాము: తిరగలి, సెల్‌ఫోను, కొంగ, గ్యాసుబండ, చేద, పెళ్లిపత్రిక. ఇవి అయిపోయాక జంటలు మీరే కట్టుకోండి. ఒక మాట బిడ్డను చెప్పమనండి. రెండో మాట ఇంట్లో అందరికంటె పెద్దవారిని అడగండి. గాదె, కుంపటి, గూటం వంటి మాటలు వారి దగ్గర చాలా ఉన్నాయి. అదేమిటి నాయనమ్మా అని బిడ్డ అడుగుతాడు, ఆమె చెప్పడం మొదలుపెడుతుంది, ఆ రాత్రికి కథ వ్రాయడం కుదరకపోవచ్చు. మరునాడు వ్రాయించండి.